నల్లరేగడి పత్తి, కంపెనీల బాధ్యత

(కోవిల్‌పట్టిలో మిల్లు కార్మికులు, మెట్ట రైతులు కలిసి జరుపుకున్న సభలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సభ బోనస్ గురించి కాదు, పనిభారం గురించీ కాదు. "మిల్లు యూనియన్‌కు చేలో ఏం పని?" అని నిన్న గేటు దగ్గర మన తమ్ముడొకడు అడిగాడు. అడగదగిన ప్రశ్నే. జవాబు చెప్పే ముందు సంగతేమిటో అందరికీ తెలియాలి.

ఒక పత్తి కంపెనీ ఈ చుట్టుపక్కల ఊళ్లలో తిరుగుతోంది. విత్తనం మేమిస్తాం, పురుగుమందు లేకుండా పండించండి, పత్తి మేమే కొంటాం, నేల బాగుపడుతుంది, ధర కూడా ఎక్కువ వస్తుంది అంటోంది. రంగుల కాగితాలు పంచుతోంది. ఆ కాగితాలు పట్టుకుని రైతులు మన ఆఫీసుకు వచ్చారు. "మీరు రోజూ పత్తితో బతికేవాళ్లు, చేరమంటారా వద్దంటారా?" అని అడిగారు. మన కార్యవర్గం మూడు దఫాలు కూర్చుని మాట్లాడింది. మేము ఏమనుకున్నామో చెప్పడానికే ఈ సభ.

మిల్లుకు, చేనుకు మధ్య గోడ ఉందని మేము అనుకోవడం లేదు. మనలో సగం మందికి ఇంకా ఊళ్లో అరెకరమో ఎకరమో మెట్ట ఉంది. కొందరికి భూమి లేదు గాని, అమ్మ, అవ్వ పత్తి ఏరి మనల్ని బడికి పంపారు. మేము బ్లో రూమ్‌లో పనికి చేరిన మొదటి వారం బేళ్లు విప్పుతుంటే ఆ వాసనకే మా అమ్మ చీర కొంగు గుర్తొచ్చింది. ఇంట్లో తెలుగు, మిల్లులో తమిళం, బేలు మీద ఇంగ్లీషు అచ్చు. మన బతుకు ఇదీ. ఈ పక్కనే ఇడైసెవల్లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు ఇంట్లో తెలుగు మాట్లాడి, తమిళంలో ఈ కరిసల్ నేల కథలన్నీ రాశారు. 2021లో కన్నుమూశారు. ఆయన రాసిన రైతులు మన తాతలే.

ఆ తాతలు ఏ పత్తి వేశారు? కరుంగణ్ణి. బావి నీళ్లు అడగని పత్తి. ఈ నేలలో ఏడాదికి పడేది 700 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ, అందులో ఎక్కువ భాగం ఐప్పసి, కార్తిక నెలల్లోనే. పురట్టాసి చివర విత్తుతారు, ఆ వానతో మొలుస్తుంది, తర్వాత నల్లరేగడి పొట్టలో దాచుకున్న తేమతోనే మాసి, పంగుణి దాకా బతుకుతుంది. రసం పీల్చే పురుగులకు తొందరగా లొంగదు. నడుమ మినుములో, పెసలో వేస్తే ఇంటికి పప్పు, నేలకు సత్తువ. దీనికి ఇప్పుడు కొత్తగా ఇంగ్లీషులో ఏదో పేరు పెట్టి మనకే నేర్పుతామంటున్నారు. మా తాత వింటే నవ్వేవాడు.

పాత కాలమంతా బంగారమని మేము చెప్పడం లేదు. కరుంగణ్ణి పోగు పొట్టి. దానితో 20 కౌంట్, బాగుంటే 30 కౌంట్. మిల్లులు సన్న నూలు వైపు తిరిగాక పొడుగు పోగు కావాలన్నాయి. ధర ఆ పత్తికే కట్టాయి. రైతు ధర ఉన్న వైపు పోయాడు, అందులో అతని తప్పు లేదు. కోవిల్‌పట్టిలో 1901 నుంచి వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఉంది, ఈ నేలకు తగిన 'కె' రకాల పత్తి విత్తనాలు అక్కడే తయారయ్యాయి. వాన రాకముందే పొడి దుక్కిలో విత్తడానికి విత్తనాన్ని నానబెట్టి, నీడన ఆరబెట్టి గట్టిపరిచే పద్ధతినీ రైతుకు నేర్పారు. మంచి పని చేశారు. అయితే కొనేవాడు లేని రకాన్ని ఏ కేంద్రం కాపాడగలదు? పరిశోధన ఒక్కటే చాలదు, కొనుగోలు ఉండాలి. ఇక్కడే కంపెనీ బాధ్యత మొదలవుతుంది.

తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు. 1990లలో దేశంలోని సాగు భూమిలో పత్తి వాటా దాదాపు 5 శాతమైతే, చల్లే పురుగుమందుల్లో దాదాపు సగం పత్తి మీదే పడింది. అప్పు చేసి మందు కొట్టినా పురుగు చావలేదు. 1997-98లో వరంగల్లు వైపు మన భాష వాళ్లే వందల మంది పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పురుగుకు కొన్న మందే తాగారు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. మొదట్లో కాయతొలిచే పురుగు తగ్గింది, మందు డబ్బాలు తగ్గాయి, అది నిజమే. కానీ కొన్నేళ్లకే గులాబీ పురుగు దానికి అలవాటు పడింది. 2010లో మొదటి రకం బీటీ గుజరాత్‌లో ఆ పురుగు మీద పనిచేయడం లేదని తయారు చేసిన కంపెనీయే ఒప్పుకుంది. హైబ్రిడ్ విత్తనం కాబట్టి ఏటా కొనాలి. నీళ్లు, ఎరువు దండిగా ఉంటేనే దిగుబడి. మన మానావారి నేలకు అది పెద్దింటి కోడలి లాంటిది.

ఇప్పుడు ఊళ్లకు పోయి చూడండి. పత్తి చేలు తగ్గి మొక్కజొన్న వచ్చింది. బీడు పడ్డ చోట సీమ కరువేలం కమ్ముకుంది. దాన్ని తీసేయమని 2017లో మదురై హైకోర్టు బెంచి ఆదేశాలిచ్చినా కంప పోలేదు. మన మిల్లుకు పత్తి గుజరాత్ నుంచి, తెలంగాణ నుంచి లారీల్లో వస్తోంది. 100 ఏళ్లకు పైగా మిల్లు సైరన్ వింటున్న ఈ ఊళ్లో, సైరన్ వినిపించే దూరంలో పండే పత్తి మిల్లుకు చేరడం అరుదైపోయింది. లారీ బాడుగ పెరిగినప్పుడల్లా యాజమాన్యం మన వైపే చూస్తుంది, గమనించారా? "పత్తి ధర పెరిగింది, షిఫ్టు తగ్గిస్తాం" అని నోటీసు అంటిస్తుంది. చేను పోతే మన పని కూడా సన్నబడుతుంది. తమ్ముడి ప్రశ్నకు ఇదే మొదటి జవాబు.

రెండో జవాబు తిరుప్పూరు. నొయ్యల్ నది మీద 1992లో ఒరత్తుపాళయం ఆనకట్ట కట్టారు, పొలాలకు నీళ్లిద్దామని. నిండింది రంగుల ఫ్యాక్టరీల మురుగు. బావులు చెడ్డాయి, పొలాలు ఉప్పుబారాయి. రైతులు ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు, మురుగు చుక్క కూడా బయటికి వదలకుండా శుద్ధి చేసేదాకా అద్దకం ఫ్యాక్టరీలు మూసేయమంది. 700కు పైగా ఫ్యాక్టరీలకు తాళాలు పడ్డాయి. కోర్టు తప్పు చేసిందని మేము అనం. రైతు గెలవాల్సిన కేసే అది. కానీ మూత పడ్డ మర్నాడు మూట నెత్తిన పెట్టుకుని రైల్వే స్టేషనులో కూర్చున్నది ఎవరు? కూలీలు. లాభం తిన్నన్ని రోజులు యజమాని తిన్నాడు, శిక్ష పడ్డ రోజు పస్తు మనవాడున్నాడు. నేలకు, నీటికి కంపెనీ చేసే హాని చివరికి కార్మికుడి కంచంలోకే వస్తుందని ఆ రోజు నుంచి మాకు తెలుసు. మన విరుదునగర్ జిల్లా ఇ. కుమారలింగపురంలో 1,052 ఎకరాల్లో పీఎం మిత్ర జౌళి పార్కు వస్తుందని 2023లో ప్రకటించారు. పని దొరుకుతుందంటే సంతోషమే. మురుగు శుద్ధి కేంద్రం కూడా పథకంలో ఉంది. అది కాగితం మీద ఉండటం వేరు, మోటారు రాత్రిపూట కూడా తిరగడం వేరు. కరెంటు ఖర్చు మిగులుతుందని రాత్రి ఆపేసే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. రాత్రి షిఫ్టులో ఉండేది మనమే కాబట్టి చూడాల్సింది కూడా మనమే.

ఇక ఈ కంపెనీ సంగతికి వద్దాం.

మాకు పాత అనుభవం ఒకటుంది. చాలా ఏళ్ల కిందట ఇలాగే ఒక కంపెనీ మా అమ్మవాళ్ల ఊరికి వచ్చింది. దాని పేరు ఇక్కడ అక్కర్లేదు. విత్తనం, మందు అప్పుగా ఇచ్చింది, ధర ముందే రాసుకుంది. పత్తి బాగానే వచ్చింది. మా అమ్మ, చిన్నమ్మ, వదిన ముగ్గురూ ఏరి తొమ్మిది బస్తాలు బండికెత్తారు. తూకం దగ్గర కుర్రవాడొకడు తేమ మీటరు గుచ్చి "తేమ ఎక్కువుంది" అన్నాడు. పంగుణి ఎండలో తేమ! పైన గోనె తూకం కోత, చెత్త కోత, అప్పు మీద వడ్డీ. చేతికి వచ్చింది చూసి మా అమ్మ ఏమీ అనలేదు. కొంగుతో తూకం బల్ల మీద పడ్డ నాలుగు పత్తి కాయలు ఏరుకుని వచ్చింది, "ఇవి వాళ్ల లెక్కలో లేవు గదా" అని. మరుసటి ఏడు ఆ చేలో పత్తి వేయలేదు. ఆ తర్వాత ఎప్పుడూ వేయలేదు.

అందుకే మేము మొదట చూసేది తూకం. మీకిది వింతగా ఉండొచ్చు. పర్యావరణం అంటే చెట్లు, గాలి, నీళ్లు కదా, తూకానికేం సంబంధం? సంబంధం ఉంది. రైతుకు గిట్టకపోతే నేలను జాగ్రత్తగా చూసుకోలేడు. అప్పులో ఉన్నవాడు కంపోస్టు కోసం రెండేళ్లు ఆగలేడు, ఈ సీజనుకే గట్టెక్కాలని ఎక్కువ మందు కొడతాడు. కాబట్టి నేలను కాపాడతామనే కంపెనీ ముందు ధరను కాపాడాలి. తేమకు పద్ధతి ఉంది. భారత పత్తి సంస్థ కొనుగోళ్లలో 8 శాతం దాటితే కోత, 12 దాటితే కొనరు. అదే పద్ధతి కంపెనీ కూడా పాటించాలి, మీటరు రైతు కూడా చూడాలి. ఇంకో సంగతి. 100 కిలోల విత్తుపత్తి జిన్ చేస్తే దూది వచ్చేది సుమారు మూడో వంతే, మిగతాది గింజ. ఆ గింజ నూనె, పిండి కంపెనీకి రాబడి. ధర కట్టేటప్పుడు దూది లెక్క చెప్పి గింజ లెక్క మరిచిపోతారు. జిన్నింగ్‌లో పనిచేసిన మన అన్నలు ఇక్కడున్నారు, వాళ్లను అడగండి, నిమిషంలో చెబుతారు.

తర్వాత వాన. మానావారి చేలో పంట పోయే భయం ఎవరిది? ఇప్పటిదాకా రైతుది మాత్రమే. పురుగుమందు మానిన మొదటి రెండు మూడేళ్లు దిగుబడి తగ్గొచ్చు, కంపెనీ కాగితంలో ఇది చిన్న అక్షరాల్లో కూడా లేదు. ఆ ఏళ్ల నష్టంలో కంపెనీ వాటా ఎంతో ముందే రాయాలి. ప్రతి ఊళ్లో నీటి కుంటలు తవ్వడానికి, కణ్మాయిల్లో పూడిక తీయడానికి ఖర్చు పెట్టాలి. ఆ పూడిక మన్ను చేలోకి తోలితే ఎరువు కూడా అవుతుంది, ఇది మన పెద్దలు చేసిన పనే. విత్తనం కరుంగణ్ణి జాతిదో, కోవిల్‌పట్టి కేంద్రం రకమో అయ్యుండాలి, రైతు మరుసటి ఏటికి దాచుకోగలిగేది. ఏటా డబ్బా కొనమంటే ఆ పథకం పచ్చది కాదు, మన జేబుకు చిల్లు.

పురుగుమందు లేకుండా పత్తి పండుతుందా అని ఇక్కడ చాలామందికి అనుమానం. పండుతుంది. అప్పటి ఖమ్మం జిల్లాలో పునుకుల అనే ఊరుంది. మందుల అప్పుతో నలిగిపోయిన ఊరు. వేపగింజల కషాయం, ఆముదం చాళ్లు, లింగాకర్షక బుట్టలు, పసుపు రంగు జిగురు అట్టలు, వీటితో పత్తి వేసి 2004 నాటికి ఊరంతా పురుగుమందు మానేసింది. వరంగల్లు వైపు ఏనబావి కూడా 2006లో అదే దారి పట్టింది. వాటిని నడిపింది కంపెనీలు కాదు, ఊరి ఆడవాళ్ల సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు. మందు అప్పు ఆగిపోవడమే వాళ్లకు మొదటి లాభమైంది. ఆముదం చాలు ఎందుకో తెలుసా? లద్దెపురుగు తల్లి పత్తిని వదిలి ఆముదం ఆకు మీద గుడ్లు పెడుతుంది. ఆ ఆకులు తుంచి కాల్చేస్తే సరి. ఖర్చు గుప్పెడు ఆముదం గింజలు.

అదిలాబాద్ వైపు చేతన ఆర్గానిక్‌లో పత్తి రైతులే వాటాదారులుగా ఉత్పత్తిదారుల కంపెనీ నడుపుతున్నారు. 2002 చట్ట సవరణ తర్వాత రైతులు అలా కంపెనీ పెట్టుకోవచ్చు. కంపెనీ అంటే మనకు ఎప్పుడూ ఎదుటి పక్షమే గుర్తొస్తుంది. మన ఊళ్లలో రైతులు కూడా అలాంటిది పెట్టుకుంటే, అమ్మడానికి వచ్చిన కంపెనీతో సమానంగా కూర్చుని మాట్లాడొచ్చు. ఒక్కొక్కరుగా పోతే మా అమ్మ తొమ్మిది బస్తాల కథే. 1984 డిసెంబరులో రైతు నాయకుడు నారాయణస్వామి నాయుడు గారు ఈ కోవిల్‌పట్టిలోనే చనిపోయారు. కోయంబత్తూరు వైపు మన తెలుగు రైతు. ఆయన రాజకీయాలతో మన యూనియన్‌కు అన్ని చోట్లా పొత్తు కుదరలేదు గాని, రైతు ఒంటరిగా గుమ్మం ఎక్కకూడదని ఆయన చెప్పింది మేము ఒప్పుకుంటాం.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. కంపెనీ సర్టిఫికెట్ చూపిస్తోంది. సర్టిఫికెట్ చూసి చేతులు జోడించకండి. 2020లో సేంద్రియ జౌళికి ముద్ర వేసే గాట్స్ అనే అంతర్జాతీయ సంస్థే 20,000 టన్నుల భారతదేశపు పత్తికి దొంగ పత్రాలు పుట్టించారని బయటపెట్టింది. పైగా ఇది మన నేలకు కొత్త కాదు. పూర్వం ఈ తిన్నెవేలి పత్తిలో పులిచ్చై అనే నాసి రకం కలిపేవారు. జిన్ చేస్తే దూది ఎక్కువ వస్తుందని వ్యాపారుల ఆశ. దానితో తిన్నెవేలి పత్తి పేరే చెడింది. చివరికి 1932లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసి దాన్ని అడ్డుకోవాల్సి వచ్చింది. అప్పుడు బస్తాలో కలిపారు, ఇప్పుడు కాగితంలో కలుపుతున్నారు.

మరి కనిపెట్టేదెవరు? ఇక్కడే మిల్లు కార్మికుడు కావాలి. బేలు విప్పితే మనకు తెలుస్తుంది. పోగు పొడుగు వేళ్ల మధ్య లాగి చూస్తే రకం చెప్పగలిగినవాళ్లు మిక్సింగులో ఉన్నారు. ప్లాస్టిక్ సంచి పోగులు, వెంట్రుకలు, గుట్కా కాగితాలు ఏరేది మన అక్కలే. చెత్త తక్కువున్న పత్తి వస్తే బ్లో రూమ్‌లో దుమ్ము తగ్గుతుంది. సెలవు రోజు తర్వాత సోమవారం పనిలోకి దిగగానే గుండె పట్టేసినట్లు ఉండే ఆ జబ్బు మనలో ఎంతమందికి ఉందో చేతులెత్తమని అడగను, అందరికీ తెలుసు. శుభ్రంగా ఏరి, గుడ్డ సంచుల్లో తెచ్చిన పత్తి మన ఊపిరితిత్తులకు కూడా మేలు. రైతు మేలు, మన మేలు ఒకే బస్తాలో ఉన్నాయి.

ఒక హెచ్చరిక కూడా. నేలను కాపాడే పత్తి కొని, ఆ నూలును హాస్టల్లో బంధించిన ఆడపిల్లలతో వడికిస్తే, ఆ గుడ్డ మీద పచ్చ ముద్ర వేయడం మేము ఒప్పుకోం. సుమంగళి పథకం పేరుతో ఈ జిల్లాల పిల్లలను ఎలా వాడుకున్నారో మనం చూశాం. కంపెనీ కాగితంలో చేను, జిన్, మిల్లు, అద్దకం నాలుగింటి పేర్లూ ఉండాలి. ఎక్కడ ఏ కూలి ఇస్తున్నారో కూడా ఉండాలి.

కరుంగణ్ణి పొట్టి పోగు ఎక్కడ అమ్ముతారని ఒక రైతన్న అడిగాడు. రాజపాళయం, సత్రపట్టి వైపు ఆసుపత్రి బ్యాండేజి గుడ్డ నేస్తారు. గాయానికి కట్టే దూదికి, గుడ్డకు పొడుగు పోగు అక్కర్లేదు. దుప్పట్లకు, తువ్వాళ్లకు ముతక నూలు చాలు. చేనేత వాళ్లు కొందరు కరుంగణ్ణి నూలుతో గుడ్డ మళ్లీ నేస్తున్నారు. ఇది చిన్న మార్కెట్టే. మిల్లులన్నీ రేపే కరుంగణ్ణికి మారతాయని మేము ఆశ పెట్టడం లేదు. కానీ ఒక్కో మిల్లు తన ముతక కౌంట్లకు స్థానిక పత్తి ఇంత శాతం కొంటామని రాసిస్తే, కొన్ని వందల ఎకరాల్లో సీమ కరువేలం పీకి మళ్లీ పత్తి విత్తొచ్చు. ఈ కోరికను ఈసారి వేతన ఒప్పందం చర్చల్లో మనమే పెడుతున్నాం. మన కోరికల పత్రంలో పత్తి గురించి రాయడం మాకు తెలిసి ఇదే మొదటిసారి. యాజమాన్యం నవ్వొచ్చు, నవ్వనీయండి.

చేరమంటారా వద్దంటారా అన్న ప్రశ్నకు కార్యవర్గం చెప్పేది ఇదే: ఒక్కొక్కరుగా సంతకం పెట్టకండి. ఊరంతా కలిసి, తూకం, తేమ, నష్టం వాటా, విత్తనం, ఈ నాలుగూ తమిళంలో రాసిన ఒప్పందం చేతికి వచ్చాకే పెట్టండి. ఇంగ్లీషు కాగితమైతే మన ఆఫీసుకు తీసుకురండి, ప్రతి సాయంత్రం 6 గంటల తర్వాత ఎవరో ఒకరు ఉంటారు. మొదటి తూకం రోజున ప్రతి ఊరికి ఇద్దరు కార్మికులు, జిన్నింగ్ అనుభవమున్న ఒకరు వస్తారు. షిఫ్టు మార్చుకోవాల్సి వస్తే ముందే చెప్పండి, మేము ఫోర్‌మన్‌తో మాట్లాడతాం. పేర్లు ఇవ్వదలచినవాళ్లు సభ అయ్యాక బల్ల దగ్గరికి రండి. అక్కలు కూడా రావాలి, పత్తి ఏరిన చేతికి మించిన మీటరు లేదు.

టీ సిద్ధంగా ఉంది. విరుదునగర్ బస్సు 4 గంటలకు, దూరం నుంచి వచ్చినవాళ్లు ముందు తాగండి.